కొండగొర్రెకు ఏ దారి?

పేరు కొండగొర్రె. కానీ గొర్రె కాదు. తలమీద నాలుగు కొమ్ములుండే చిన్న జింక! రెండు కొమ్ములు చెవుల మధ్య, మరో రెండు బుడిపెల్లా నుదుటిమీద. అవీ మగదానికే. అడవిలో బతికే జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే. భారత్, నేపాల్‌లలో తప్ప ఇంకెక్కడా లేదు. అమరావతిలో పొద్దున్నే బయల్దేరితే అదే రోజు చేరుకోగలిగే నల్లమలలో మాత్రం ఉంది.

మిరపకాయ కోతలు అయిపోయి, పత్తి చేలు ఖాళీ అయ్యి, పిల్లలకు సెలవులిచ్చాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది శ్రీశైలం బయల్దేరతారు. ఈసారి దర్శనంతోపాటు అడవి కూడా చూడాలనుకుంటే... ఎటు వెళ్లాలి? ఎక్కడ బుక్ చేసుకోవాలి?

చీటీ సులువైతే గొర్రె కష్టం

ఇదే ప్రశ్నతో అమెరికాలో వేటగాళ్లు ఏళ్లకేళ్లు కుస్తీ పడతారు. అక్కడి కొండల్లో బిగ్‌హార్న్ అనే అడవి గొర్రె ఉంది. పొట్టేలు కొమ్ములే పద్నాలుగు కిలోల దాకా తూగుతాయి. దాన్ని వేటాడాలంటే ‘ట్యాగ్’ అనే అనుమతి ఉండాలి. దరఖాస్తులు వేల సంఖ్యలో, ట్యాగులు కొన్నే... కాబట్టి లాటరీ. మోంటానా రాష్ట్రంలో కొన్ని ప్రాంతాలకు అడిగినవాళ్లందరికీ ట్యాగ్ ఇస్తారు. కానీ అవి ఎక్కడానికే ప్రాణం పోయే కొండలు. ఎక్కువమంది వట్టి చేతులతో తిరిగొస్తారు. అందుకే ఎక్కడ దరఖాస్తు పెట్టాలన్నదే అక్కడ సగం వేట!

మన దగ్గరా ఒకప్పుడు వేటకు లైసెన్సులుండేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా పెద్ద జంతువులకొకటి, చిన్న జంతువులకొకటి అంటూ రకరకాల లైసెన్సులు చట్టంలో ఉన్నాయి. 1991 సవరణతో వాటిని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు కొండగొర్రెను చంపితే కనీసం మూడేళ్లు జైలు. తుపాకీ పట్టుకుని వెళ్లిన అడవికే ఇప్పుడు బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లాలి.

మూడు దారులు

నరసరావుపేట, వినుకొండ దాటి దోర్నాల చేరితే అక్కణ్నుంచి శ్రీశైలం ఘాట్ మొదలవుతుంది. ఆ రోడ్డు పక్కనే తుమ్మలబయలు. అటవీశాఖ జీపులో అడవిలోకి తీసుకెళ్లి గంట, రెండు గంటల్లో తిరిగి తెచ్చేస్తారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు ఇదే హాయి. కానీ రోడ్డుకు దగ్గర, సమయం తక్కువ.

కొండగొర్రె మీదే మనసుంటే ఒక రాత్రి ఉండాలి. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే దారిలో పచ్చర్ల, ఆత్మకూరు దగ్గర బైర్లూటి... రెండుచోట్లా అటవీశాఖ జంగిల్ క్యాంపులున్నాయి. ముందే బుక్ చేసుకోవాలి. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి అడవి చూడొచ్చు. పచ్చర్లకు రైలు కూడా అనుకూలమే. గుంటూరు-నంద్యాల లైను గిద్దలూరు మీదుగానే వెళుతుంది.

హైదరాబాద్ వైపు వెళ్లే పని ఉన్నవాళ్లకు మూడోది... తెలంగాణలో మన్ననూరు దాటాక వచ్చే ఫరహాబాద్. ఒకప్పుడు నిజాం నవాబు వేటకొచ్చిన చోటు. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

నీళ్లున్నచోటే...

కొండగొర్రె బెరుకుది. మందలుగా తిరగదు. ఒంటరిగానో జంటగానో ఎండుగడ్డిలో కలిసిపోయి ఉంటుంది. ఎత్తు రెండడుగులే! అయితే దానికి రెండు అలవాట్లున్నాయి. రోజూ నీళ్లు తాగాలి, కాబట్టి కుంటలకు దూరంగా పోదు. పెంటికలు వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తుంది. అడవి తెలిసిన చెంచులకు ఈ గుర్తు చాలు. వేసవిలో వాగులెండి నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కనిపించే అవకాశం ఎక్కువ. ఎండ మాత్రం భరించాలి! జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలుండవు.

ఎన్ని లెక్కలు వేసుకున్నా అది కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. అందుకని బయల్దేరే ముందు ఇంట్లో అందరూ ఒక్క ప్రశ్న వేసుకుంటే మంచిది. అది కనిపించకపోయినా ఎక్కడికి వెళ్తే మనకు బాగుంటుంది? జీపెక్కితే చాలని పిల్లలు సంబరపడతారా... తుమ్మలబయలు. దుప్పుల అరుపులు వింటూ ఓ రాత్రి గడపాలనుందా... పచ్చర్ల, బైర్లూటి. జవాబును బట్టే దారి.

దోర్నాల-శ్రీశైలం దారిలో వెళ్లేవాళ్లు గడియారం చూసుకోవడం మాత్రం మరవొద్దు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. ఆ వేళలో ఆ రోడ్డు మనుషులది కాదు!