యంత్రతాళంలో నడక

యంత్రం వాయించే తాళంలో జీవం ఉండదని చాలామంది అభిప్రాయం. ఛందస్సు బోధించే నాకు ఆ మాట సమ్మతం కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని లెక్కగట్టి పద్యం చదివితే గణాలు సరిపోతాయి గాని, నడక రాదు. నృత్యసంగీతంలో ఈ నడకనే ‘గ్రూవ్’ అంటారు.

అమెరికాకు చెందిన రోజర్ లిన్ 1980లో ‘ఎల్‌ఎం-1’ అనే డ్రమ్ మెషీన్‌ను రూపొందించాడు. నిజమైన డ్రమ్ముల ధ్వనులను అందులో నిక్షిప్తం చేశాడు. అంతకన్న విశేషం ‘స్వింగ్’ అనే సదుపాయం. నిమిషానికి 120 దెబ్బలు పడే తాళంలో దెబ్బకూ దెబ్బకూ నడుమ అర సెకను. దానిని నాలుగు భాగాలు చేసి, రెండవ, నాలుగవ భాగాలను కొద్దిగా ఆలస్యంగా పలికించడమే స్వింగ్. జంటలో మొదటి భాగం వ్యవధి 50 శాతమైతే నడక సమం. 66 దగ్గర తిశ్రగతి ఊపు. 54 దగ్గర ఆలస్యం సెకనులో నూరవ వంతు మాత్రమే! చెవికి అది ఆలస్యంగా తోచదు. కాలు మాత్రం కదులుతుంది.

ఇక కంప్రెసర్. నియమిత స్థాయిని మించిన ధ్వనిని అణచి, పిదప విడిచిపెట్టే సాధనమిది. చికాగోలో 1980లలో పుట్టిన హౌస్ సంగీతంలో ప్రతి దెబ్బకూ కిక్ డ్రమ్ మోగుతుంది. ఆ మోతకు బేస్ స్వరం అణగేటట్లు కంప్రెసర్‌ను అమర్చడం తరువాత వాడుకైంది. అణగిన స్వరం తదుపరి దెబ్బకు కాస్త ముందుగా లేచి నిలిస్తే పాట ఊపిరి తీస్తున్నట్లుంటుంది. మరీ త్వరగా లేస్తే ఆ ఊపు తెలియదు. ఆలస్యమైతే బేస్ సాంతం లేవనే లేవదు. 120 దెబ్బల వేగానికి కుదిరిన విడుపు 128కి కుదరకపోవచ్చు. మళ్లీ చెవితో సరిచూసుకోవలసిందే.