దోరగా ఉన్నప్పుడే

పోయిన ఏడాది మొత్తమ్మీద మా ఫియట్ కారు తిరిగింది నాలుగు నిమ్మకాయల దూరం. ఆయుధపూజ నాడు షెడ్డులోంచి బయటికి తోసి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మళ్లీ లోపలికి తోసి గుడ్డ కప్పేశాం. వాకిట్లో కొట్టిన గుమ్మడికాయ ఎరుపు ఆరకముందే నాకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పనిముట్టు చేత పని చేయించుకుని పెట్టే దండం వేరు, పని మాన్పించి పెట్టే దండం వేరు. ఆ రోజు నేను పెట్టింది రెండోది.

అప్పటి నుంచి మనసులో నలుగుతున్న సంగతిది. మార్గశిరం వచ్చింది, మదనపల్లెలో పొద్దు వాలగానే చలి పట్టుకుంటోంది. కుంపటి దగ్గరికి కుర్చీ లాక్కున్నాను. మీరూ కాఫీ తెచ్చుకుని కూర్చోండి. మీ ఇంట్లో ఉన్నది కారే కానక్కర్లేదు. రాజదూత్ మోటారుసైకిలు కావచ్చు, లాంబ్రెట్టా స్కూటరు కావచ్చు. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న బండి, ఇప్పుడు దాని తాళంచెవి కంటబడితే చాలు, తీర్చని బాకీ గుర్తొచ్చినట్టు ఉంటోందా? అయితే ఈ కబుర్లు మీకోసమే.

మా బండి 1982 నాటి ప్రీమియర్ పద్మిని. పద్మిని అన్నది కాగితాల మీద మాటే, మా వైపు అందరికీ అది ఫియటే. అందులో తప్పూ లేదు. బొంబాయి కుర్లాలో 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలైన కారే 1970లలో పేరు మార్చుకుని పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. ఆ రోజుల్లో డబ్బు కట్టినా కారు చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. మా నాయన వకీలు. ఏళ్ల తరబడి చూసి చూసి, చివరికి కారు ఇంటిముందు ఆగిన రోజు నల్లకోటు విప్పకుండానే బానెట్టు ఎత్తి చూశాడు. ఆ తర్వాత పుంగనూరు కోర్టుకు పోయినా, చిత్తూరు కోర్టుకు పోయినా అందులోనే.

ఆదివారం వస్తే మాత్రం బండి మాది. హార్సిలీ కొండకు పోయేవాళ్లం. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ దొర అక్కడ ఇల్లు కట్టుకోక ముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లని మా అవ్వ చెప్పేది. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. సగం ఘాటు ఎక్కేసరికి ఇంజను కాగిపోయేది. నాయన రోడ్డు పక్కన ఆపి బానెట్టు తెరిచేవాడు, అమ్మ సద్దిమూట విప్పేది. బండి చల్లబడేదాకా మేం చిత్రాన్నం తింటూ కూర్చునేవాళ్లం. చిన్నప్పుడు నాకు కొండ మీద చూసిన వాటికంటే ఆ మధ్యలో ఆగిన చోటే ఎక్కువ ఇష్టం.

నాయన పోయాక బండి నాకు వచ్చింది. చాలా ఏళ్లు సంతోషంగా నడిపాను. తర్వాత ఎప్పుడో ఆ సంతోషం పోయింది. ఏ రోజు పోయిందంటే చెప్పలేను, పాలు పెరుగైన గడియను ఎవరు చూశారు? కొత్త కారు వచ్చింది, దాని స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతుంది. ఫియట్‌కు మాత్రం పొద్దున్నే చోకు లాగాలి, బతిమాలాలి, ఊళ్లో రద్దీలో క్లచ్చు తొక్కి తొక్కి మోకాలు నొప్పెక్కించుకోవాలి. ఒకప్పుడు ఇవే ముచ్చటగా ఉండేవి. ముచ్చట పోయాక మిగిలేది చాకిరీ.

అమ్మేద్దామా అనుకున్న ప్రతిసారీ నాయన ముఖం అడ్డొచ్చేది. ఈ ఇరకాటంలో ఉండగా మా మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లాను. నా మాటలన్నీ విని, చేతులు తుడుచుకుంటూ ఒకటే అడిగాడు: "సార్, మీకు బండి మీద విసుగా, బండికొచ్చిన రోగం మీద విసుగా? ముందు అది తేల్చుకోండి."

బండి అమ్మాలా వద్దా అని ఊగిసలాడే వాళ్లందరూ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నాకు గట్టి నమ్మకం. స్టార్టు కాని బండిని ఎవరు ప్రేమిస్తారు? జ్వరంలో ఉన్న మనిషితో కబుర్లు నడవడం లేదని స్నేహం తెంచుకుంటామా? అందుకే ముందు వైద్యం చేయించాలి, తర్వాతే తీర్పు చెప్పాలి.

భాయ్ పది రోజులు పని చేశాడు. బండిని పాడు చేసింది తిరగడం కాదు, నిలబడిపోవడం అని ఒక్కొక్కటే విప్పి చూపించాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు చక్రాల దగ్గరున్న సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. కార్బురేటర్‌లో నిలవున్న పెట్రోలు ఆరి జిగురై సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు లోపల తుప్పు పొరలు రాలుతాయి. నెలల తరబడి ఒకేచోట బరువు మోసిన టైరు అక్కడే అణిగిపోతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాలు, పాతకాలపు రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తట్టుకోలేవు. ఆ పైపులన్నీ మార్చాడు. గుడ్డ కప్పి బండిని కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ గుడ్డ కింద అది నెమ్మదిగా చచ్చిపోతోందని ఆ పది రోజుల్లో తెలిసింది.

బండి తయారయ్యాక నేనూ మా ఆవిడా పరీక్షకు బయల్దేరాం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. వంద కిలోమీటర్ల పైమాటే. అక్కడ మా బావమరిది ఉన్నాడు. ఘాటు కావాలంటే హార్సిలీ కొండకు పోవచ్చు గానీ, అక్కడ బండిని నడిపేది నేనైనా నన్ను నడిపించేది జ్ఞాపకాలే. అందుకే జ్ఞాపకాలు తక్కువున్న దారి ఎంచుకున్నాను.

పుంగనూరు రాకముందు టీ కోసం ఆగాం. పక్క తోటలోంచి టమాటా క్రేట్లు లారీకి ఎక్కిస్తున్నారు. మా మదనపల్లె మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి, అక్కడి కాయ ఉత్తరాది దాకా పోతుంది. క్రేట్లలో కాయలు ఇంకా సగం పచ్చగా, సగం లేత ఎరుపుగా ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఆగితే బాగా పండేవి కదా అన్నాను. రైతు నవ్వాడు.

"దూరం పోయే కాయ సార్. బాగా ఎర్రబడినాక కోస్తే దావలోనే రసమైపోతాది. దోరగా ఉన్నప్పుడే కోయాల."

"రేటు పెరుగుతుందని ఆగరా?"

"రేటు మన చేతిలో యాడుండాది? కాయ మాత్రం మన చేతిలో ఉండాది."

2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటిపోవడం మనమందరం చూశాం. కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. రెండూ చూసిన రైతు మాట అది. టీ చల్లారిపోయింది, నేను మాత్రం ఆ దోరకాయల వంకే చూస్తూ ఉండిపోయాను.

పుంగనూరు అనగానే మీకు గుర్తొచ్చేది ఆవే కదా. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే పొట్టి ఆవు. ఒక దశలో ఆ జాతి అంతరించిపోయేంత పని అయింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం లాంటి చోట్ల మందను పట్టుదలగా పెంచబట్టి, ఆ ఆవంటే ప్రాణమిచ్చే వాళ్లు మేపబట్టి నిలిచింది. ఆ ఊరు దాటుతుంటే మా ఆవిడ అంది: "ఆవు మీద అభిమానమంటే గోడకు బొమ్మ తగిలించుకోవడం కాదండీ, పొద్దున లేచి మేత వేయడం." ఆవును గురించే అంది. నాకు మా షెడ్డు గుర్తొచ్చింది.

పలమనేరు దాటాక అడవి. కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి, నెమ్మదిగా పొమ్మని బోర్డులుంటాయి. రెండు పక్కలా చెట్లు, అద్దాలు దించిన కిటికీల్లోంచి చల్లగాలి, ఇంజను కుట్టుమిషను తిరిగినట్టు మెత్తగా తిరుగుతోంది. బండికి ఏ రోగమూ లేదు. దారికి ఏ లోటూ లేదు. నేనేమో కుప్పం ఇంకెంత దూరమా అని కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. అక్కడ తేలిపోయింది. బండి బాగుంది, అందులో నేనే లేను.

కుప్పంలో ఇడ్లీ తింటుంటే బావమరిది వాదనకు దిగాడు. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయిందనీ, ఇక మిగిలిన బండ్లకు గిరాకీ పెరుగుతుందనీ అతని లెక్క. "ఆగు బావా, 2032కు దీనికి యాభై ఏండ్లు. అప్పుడు వింటేజ్ కింద రిజిస్టరు చేపిస్తే రేటే వేరు."

నిజమే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అసలు రూపం చెడని యాభై ఏళ్ల బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. అయితే ఆ గుర్తింపు వచ్చిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. అదీగాక అక్కడిదాకా ఊరికే చేరం. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాలి. ఒకప్పుడు ఆరువందలున్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదువేలైంది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో పదివేలు చేశారు. నేను 2022లో అయిదువేలు కట్టాను, బండి నా దగ్గరే ఉంటే 2027లో పదివేలు కట్టాల్సి వచ్చేది. దానిపైన ఏటేటా ఇన్సూరెన్సు, బ్యాటరీ, భాయ్ కూలి. ఇదంతా ఇష్టంతో కట్టేవాడికి ఖర్చే కాదు. ఇష్టం పోయినవాడికి ప్రతి రూపాయీ బండి మీద ఒక చిన్న కోపమై పోగుపడుతుంది. ఆ కోపం ముదిరాక అమ్మేవాడు ఎవడొచ్చినా సరే తీసుకుపొమ్మంటాడు. తుక్కుకు వేసినా బాధపడడు. అప్పటికి కాయ పండి కుళ్లిపోయినట్టే.

నాకు అర్థమైంది ఇదీ: బండి నడుస్తూ ఉండగా, దాని మీద మనకింకా కొంచెం ప్రేమ మిగిలి ఉండగా అమ్మాలి. ఆ మిగిలిన ప్రేమే మంచి చేతులు వెతికిస్తుంది, ఉన్న లోపాలు దాచకుండా చెప్పిస్తుంది. ఇంకో మనిషి దగ్గరికి దూరప్రయాణం కట్టే కాయ అది. దోరగా ఉన్నప్పుడే కోయాలి.

ఆ తర్వాత నెలలో ముగ్గురొచ్చారు. బెంగుళూరు నుంచి వచ్చినాయన అందరికంటే ఎక్కువ ధర చెప్పాడు, హోటలు ముందు అలంకారంగా నిలబెడతానన్నాడు. ఇంకొకాయన ఇంజను తీసేసి కొత్తది వేస్తానన్నాడు. మూడోవాడు కుప్పంలో గ్రానైటు మిషన్లు రిపేరు చేసే కుర్రాడు. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి, అక్కడి నుంచి కన్నడంలోకి జారే ఆ ఊరి మాట. వచ్చీరాగానే కారు కిందికి దూరాడు. బయటికొచ్చాక, "సార్, ఇది తిప్పేదానికా, పెట్టుకునేదానికా అని మా నాయన అడిగినాడు. తిప్పేదానికే అని చెప్పి వచ్చినా" అన్నాడు. బెంగుళూరు ధర కంటే తక్కువే ఇచ్చాడు. అతనికే ఇచ్చాను.

ఇచ్చేముందు కాగితాల సంగతి చూసుకున్నాను, మీరూ చూసుకోండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, రాష్ట్రంలోనే అయితే పద్నాలుగు రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయడం. వేరే రాష్ట్రానికైతే ఫారం 28తో నిరభ్యంతర పత్రం కూడా కావాలి. నమ్మకం మీద తాళాలిచ్చేసి ఊరుకోకూడదు. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, రేపు ప్రమాదమేదైనా జరిగితే పరిహారం భారం వారి మీదే పడుతుంది. వకీలు కొడుకుగా ఈ మాట ఒత్తి చెబుతున్నాను.

వాన పడితే ఎడమ తలుపులోంచి నీళ్లు కారతాయని, మూడో గేరు పడేముందు ఒక్క క్షణం ఆగి తొయ్యాలని కుర్రాడికి చెప్పాను. నాయన పెట్రోలు లెక్కలు రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గర ఉంచుకున్నాను. పనిముట్లతో సహా మిగతావన్నీ ఇచ్చేశాను. మా ఆవిడ హారతి ఇచ్చింది. ఈసారి చక్రాల కింద నలిగిన నిమ్మకాయలను దాటుకుని బండి నిజంగానే వీధిలోకి వెళ్లింది.

నేను గేటు దగ్గర నిలబడ్డాను. వీధి చివర కుర్రాడు ఒక్క క్షణం ఆగి మూడో గేరు వేశాడు. ఆ శబ్దం నాకు కొత్తగా వినిపించింది. ఇన్నేళ్లూ లోపల కూర్చుని నడిపిన నేను, ఆ కారు దూరమవుతూ గేరు మారే చప్పుడు వినే వీలెక్కడిది? అది విన్నది చిన్నప్పుడు, ఇదే గేటు దగ్గర నిలబడి, పొద్దున్నే నాయన పుంగనూరు కోర్టుకు బయల్దేరినప్పుడు.