మొగిలి ఘాట్‌లో పాప చెవి

మా పాపకు అప్పుడు మూడేళ్లు. జలుబు ఉంది, జ్వరం లేదు. తిరుపతిలో చెల్లెలి పెళ్లి. పొద్దున్నే కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లోని రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కాం.

బేతమంగళం, వి.కోట, పలమనేరు దాకా నా ఒళ్లో నిద్రపోయింది. మొగిలి ఘాట్ దిగుతుండగా ఉలిక్కిపడి లేచి, కుడిచెవి పట్టుకుని ఏడుపందుకుంది. ఊపిరి తిరగనంత ఏడుపు. పురుగేదైనా దూరిందేమో అనుకున్నాను. నా చేతులు వణికాయి. "పిల్లను ఊరుకోబెట్టమ్మా" అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మా మామగారు పాపను తీసుకున్నారు. ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో పనిచేసిన మనిషి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, దిగినవారు. ఆ గని లోతు 3 వేల మీటర్ల పైమాటే. దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడితే గుటకలు మింగేవాళ్లట. "దీనికీ అదే అమ్మా. నీళ్లు పట్టు" అన్నారు. మా నీళ్లు అయిపోయాయి. పక్క సీటు పెద్దావిడ తన సీసా ఇచ్చింది. పాప నోరు తెరవదు. ఆవిడే బుజ్జగించి గుక్క గుక్కగా తాగించింది. చిత్తూరు చేరేసరికి ఏడుపు మూలుగైంది.

కేజీఎఫ్ సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటుంది. చిత్తూరు 300 చిల్లర. దిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పెరిగి కర్ణభేరిని లోపలికి నెడుతుంది. ముక్కు వెనకనుంచి చెవిలోకి పోయే సన్నని గొట్టం తెరుచుకుంటే రెండువైపులా ఒత్తిడి సమమవుతుంది. పిల్లల్లో అది ఇరుకు. జలుబుకు వాచిపోతుంది. నిద్రలో గుటకలూ తక్కువే. ఇదంతా నాకు మర్నాడు తెలిసింది.

ఆ రాత్రి మళ్లీ నొప్పి. వెల్లుల్లి నూనె కాచి పోద్దామన్నారు పెళ్లింట్లో. చుక్కల మందుకని మందుల షాపుకు పరిగెత్తాను. "కర్ణభేరి చూడకుండా చెవిలో ఏమీ పోయొద్దమ్మా" అని షాపులోని అబ్బాయి ఇవ్వలేదు. బరువడిగి పారాసెటమాల్ సిరప్ ఇచ్చాడు. అతని మేలు మరవను.

మర్నాడు ఈఎన్‌టీ డాక్టరమ్మ చూసింది. కర్ణభేరికి చిల్లు పడలేదు. లోపలికి లాక్కుపోయి ఎర్రబడింది, వెనక నీరు చేరింది. కొన్ని వారాలు వినికిడి మందంగా ఉండొచ్చంది. తిరిగి వెళ్తూ ఘాట్ ఎక్కేటప్పుడు ఇంత బాధ ఉండదని ధైర్యం చెప్పింది. చీముగానీ రక్తంగానీ కారినా, జ్వరమొచ్చినా ఆగకుండా రమ్మంది.

ఇంటికొచ్చాక కుడివైపునుంచి పిలిస్తే పాప తిరిగేది కాదు. రోజూ పిలిచి చూసేదాన్ని. పిలవడానికే భయమేసేది. తర్వాతి నెల పరీక్షలో వినికిడి బాగుందన్నారు.

ఇప్పుడు జలుబుంటే ప్రయాణం మానుకుంటాం. తప్పదంటే ముందు డాక్టరుకు చూపిస్తాం. పలమనేరు దాటగానే పాపను లేపి, నీళ్లు చేతికిస్తాను.