హైదరాబాదు మీది గాలి

హైదరాబాదు ఈశాన్యాన, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో ఒక బెలూన్ మైదానమున్నది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు 1969లో నెలకొల్పిన కేంద్రమది. గాలి సద్దుమణిగిన వేళ చూసి, పలుచని పాలిథిన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదులుతారు. నేల మీద ముడతలు పడి వేలాడే ఆ సంచి, ముప్ఫై కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి నిండు గుమ్మడికాయ వలె ఉబ్బుతుంది.

అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి 1987, 1990, 1994 సంవత్సరాలలో ఇక్కడినుండి ద్రవ నియాన్‌తో చల్లబరచిన ఉక్కు పాత్రలను పైకి పంపారు. ఒక్కొక్క ఎత్తున ఒక్కొక్క పాత్ర మూత తెరుచుకొనేది. లోపలికి వచ్చిన గాలి గడ్డకట్టేది. అందులో వారు వెదికినది నైట్రస్ ఆక్సైడ్, మీథేన్, క్లోరోఫ్లోరోకార్బన్ల వంటి వాయువులను.

స్ట్రాటో ఆవరణంలోకి గాలి ప్రధానంగా ఉష్ణమండలం మీదుగానే ప్రవేశిస్తుంది. హైదరాబాదు ఆ వాకిట ఉన్నది. అక్కడినుండి గాలిది నెలకు కిలోమీటరైనా సరిగా ఎక్కని నింపాది నడక. కొన్నేళ్లకు ధ్రువాల వైపు దిగుతుంది. బ్రూవర్ 1949లో, డాబ్సన్ 1956లో ఊహించిన దారి ఇదే. నైట్రస్ ఆక్సైడ్‌కు నూరేళ్లకు పైబడిన ఆయుష్షు. కనుక వాగులో కలిపిన పసుపు వలె అది గాలి జాడ చూపుతుంది. ఈ ప్రవాహం ఉత్తరార్ధగోళపు శీతకాలంలో బలపడి, వేసవిలో మందగిస్తుంది. శీతకాలపు ధ్రువాకాశంలో పైనున్న పాతగాలి కిందికి దిగగా, అదే ఎత్తున నైట్రస్ ఆక్సైడ్ పలుచబడుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఆ బెలూన్లన్నీ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎగిరాయి. గోదావరిని చైత్రంలో మాత్రమే చూసినవాడు వరద లోతు చెప్పగలడా? ఆ కొరతను తరువాత ఉపగ్రహాలు చాలావరకు తీర్చాయి. 2004లో ఎగిరిన ‘ఆరా’ ఏళ్ల తరబడి నైట్రస్ ఆక్సైడ్‌ను కనిపెట్టింది.

ఇది పండితుల కాలక్షేపం కాదు. నిషేధించిన సి.ఎఫ్.సి.-11 తగ్గుదల 2012 తరువాత మందగించిందని 2018లో బయటపడినప్పుడు, ఎవరో దొంగచాటుగా తయారు చేస్తున్నారా, పైగాలుల నడక మారిందా అన్న ప్రశ్న పుట్టింది. గాలుల వంతు లెక్కగట్టి తీసివేస్తే గాని తయారీ వంతు తేలదు. పెరిగిన ఉద్గారాలలో పెద్ద భాగం తూర్పు చైనా నుండి వచ్చినదని 2019లో తేల్చారు.

పెద్ద బెలూన్లు మోసుకుపోయిన పరికరాలు పారాచూట్ల మీద ఏ పల్లె పొలంలోనో దిగుతాయి. దొరికినవారు విప్పకుండా, లాగకుండా పోలీసులకు కబురు చేయాలనీ, అలా చేసినవారికి బహుమానంతో పాటు కబురుకైన ఖర్చు కూడా ఇస్తామనీ కేంద్రం వారు ముందుగానే ప్రకటిస్తారు.