గుస్సాడీ డాన్సు కాదు



ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. దీపావళి దగ్గరికొస్తే ఇక్కడ అందరి ఫోన్లలో గుస్సాడీ రీల్సే. నెమలీకల టోపీ, గంతులు, వెనక సినిమా పాట. "డాన్సు మస్తుందిరా" అంటారు రూమ్మేట్లు.

డాన్సు కాదది. టోపీ పెట్టుకున్న మనిషి మీదికి దేవుడొస్తాడని మన నమ్మకం. అందుకే దండారీ అయ్యేదాకా ఆయన స్నానం చెయ్యడు. ఆ నిష్ఠ ముప్పై సెకన్లలో కనపడదు. సినిమా పాట పెడితే గుమేల, పెప్రె చప్పుడు కూడా పోతుంది.

1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మనోళ్ల మధ్య ఉండి, గోండీ నేర్చుకుని ఫొటోలు తీశారు. అవి లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అదే ఊరి కనకరాజు తాతకు 2021లో గుస్సాడీకే పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన వెళ్లిపోయారు.

పరాయి మనిషి మన భాష నేర్చుకుని మరీ కెమెరా పట్టాడు. మనకు భాష ఇంట్లో ఉంది, కెమెరా జేబులో ఉంది.

ఈ దండారీకి మనమే ఒక సినిమా తీద్దాం. ముందు పటేల్‌ని, పెద్దలని అడుగుదాం. వద్దన్న చోట ఫోన్ లోపల పెట్టేద్దాం. మేడారంలో చిలకలగుట్ట మీది పూజ బయటోళ్లు చూడరు, అయినా అమ్మల మీద నమ్మకం తగ్గిందా? పాట అతికించకుండా మన వాద్యాలే విననిద్దాం. తీసింది మొదట ఊరికే చూపిద్దాం.

మా తాతకు డెబ్బై దాటినయ్. టోపీ కట్టేటప్పుడు ఆయన గోండీలో చెప్పే మాటలు ఇంకా ఎవరి ఫోన్లోనూ లేవు.