శిబిరం ముగిసిన మరునాడు

మీ అమ్మాయో అబ్బాయో కళాశాలలో జాతీయ సేవా పథకంలో, అదే మనం ఎన్‌.ఎస్‌.ఎస్‌. అని పిలుచుకునే దానిలో, చేరి ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన ఈ పథకం కింద విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవకు కేటాయించాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలోనూ పాల్గొనాలి.

చాలా ఏళ్ల క్రితం అలాంటి శిబిరానికి నేను వైద్యుడిగా వెళ్లాను. బడి వరండాలో బల్లలు వేసి, ఒక్క పూటలో ఊరందరికీ రక్తపోటు చూశాం. 140/90 దాటినవారికి చీటీ రాసిచ్చి, ఆసుపత్రికి వెళ్లమన్నాం. ఫొటోలు దిగి వచ్చేశాం. మరుసటి ఏడాది వెళితే ఒక పెద్దాయన పంచాంగంలో భద్రంగా దాచిన ఆ చీటీని తెచ్చాడు. "మళ్లీ మీరే వస్తారని ఉంచానయ్యా" అన్నాడు. చీటీని ఎడమ చేత్తో అందించాడు. అప్పటికే ఆయన కుడి చేయి పడిపోయింది.

ఆ తరువాత ఏ కళాశాల వారు పిలిచినా ఒకటే అడిగేవాణ్ణి: శిబిరం ముగిసిన మరునాడు ఈ చీటీ బాధ్యత ఎవరిది? విద్యార్థులది కాజాలదు; వారికి పరీక్షలొస్తాయి, సెలవులొస్తాయి. ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఏదైనా ఉంటే, తేదీ ఖరారు చేయకముందే వారి గడప తొక్కాలి.

ఒకసారి అలా వెళ్లినప్పుడు సంస్థ కార్యకర్త నిర్మొహమాటంగా చెప్పింది. "కొత్త రోగులను వెతకకండి డాక్టరుగారూ. ఉన్నవాళ్లే మాత్రలు మానేస్తున్నారు."

పిల్లల ముఖాలు చిన్నబోయాయి. మెడలో స్టెతస్కోపు లేనిదే సేవ సేవలా అనిపించదు కదా! అయినా, సరేనన్న రోగుల పేర్లను ఆమె పుస్తకంలోంచి పంచుకుని, ఇద్దరిద్దరుగా పదిహేను రోజులకొకసారి ఇళ్లకు వెళ్లారు. అంతకుముందు ఒక ఆదివారం నేను వారికి నేర్పినది ఇంతే: కొలిచే ముందు మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, పట్టీని చొక్కా మీదుగా చుట్టరాదు, కొలుస్తున్నంతసేపూ మాట్లాడించరాదు, ఒక్క కొలతతో ఎవరినీ రోగి అనరాదు, మాత్రల మోతాదు జోలికి అసలే పోరాదు.

తలనొప్పి తగ్గింది కనుక జబ్బు పోయిందనుకుని మానేసినవారు కొందరు. ఒక అవ్వ సంగతి వేరు: మందులిచ్చే ఆరోగ్య కేంద్రానికి ఉన్న ఒక్క బస్సూ ఆమె కూలికి పోయే వేళకే వస్తుంది. మా వరండా బల్ల దగ్గర ఈ మాట ఎన్నటికీ బయటపడేది కాదు. సంస్థ వారు కేంద్రంలో మాట్లాడి, ఆమె మందులు ఊళ్లోకే వచ్చే ఏర్పాటు చేశారు.

పరీక్షల నెలల్లో పిల్లలు రాలేదు. కొత్త జట్టు వచ్చి పుస్తకం తెరిచేసరికి, ఆ నెలల గడులన్నీ కార్యకర్త చేతిరాతతో నిండి ఉన్నాయి.