ఎడారిలో ద్విచక్రయానం

1896 నవంబరు 24వ తేదీన పశ్చిమ ఆస్ట్రేలియాలోని కూల్‌గార్డీ పట్టణం నుంచి ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు సైకిలు మీద బయలుదేరాడు. అతడు చేరవలసిన నగరం అడిలైడ్. నడుమనున్న దూరం రెండువేల కిలోమీటర్లకు పైమాటే. నవంబరు మాసాంతమంటే దక్షిణార్ధగోళంలో వేసవి ఆరంభం. అతని వెంట ఒక చిన్న మూట, ఒక నీటిసంచి తప్ప చెప్పుకోదగిన సామగ్రి లేదు. తోడు వచ్చినవారు లేరు. రోజుకు సగటున అరవై అయిదు కిలోమీటర్ల వంతున సాగి, ముప్పది యొక్క రోజులలో అతడు అడిలైడ్ చేరుకొన్నాడు.

ఈ వృత్తాంతం విన్నవారు రిచర్డ్‌సన్‌ను సాహసి అంటారు. ఆ మాట నిజమే. కాని అంతటితో సరిపెట్టుకొంటే, ఎడారిలో ప్రయాణానికి సైకిలునే ఎందుకు ఎంచుకొన్నాడన్న ప్రశ్న మిగిలిపోతుంది. దానికి సమాధానం కూల్‌గార్డీ బంగారు గనులలో దొరుకుతుంది.

1892లో అక్కడ బంగారం బయటపడింది. వేలాది జనం వచ్చి చేరారు. పసిడికి కొదవలేదు గాని గుక్కెడు మంచినీటికి కటకట. వాన అరుదు, భూగర్భజలం ఉప్పుమయం. ఆ ఉప్పునీటిని కాచి, ఆవిరిని చల్లార్చి, గ్యాలన్ల లెక్కన అమ్మేవారు. అటువంటి చోట గుర్రాన్ని పోషించడం సామాన్యునికి తలకు మించిన భారం. దానికి మేత కావాలి. మనిషికంటె అనేక రెట్లు నీరు కావాలి. సైకిలు గడ్డి అడగదు, నీళ్లడగదు. గాలి నింపిన రబ్బరు టైరును డన్‌లప్ రూపొందించి అప్పటికి ఎనిమిదేళ్లే అయినా, ఉత్తరాలూ తంతివార్తలూ గని నుంచి గనికి చేరవేసే సైకిలు దూతలు అక్కడ అప్పటికే వెలిశారు.

మరి దారి? ఆ దారి వేసినవి ఒంటెలు. 1860లో ఒక అన్వేషణ యాత్ర కోసం కరాచీ రేవు నుంచి ఇరవై నాలుగు ఒంటెలు ఆస్ట్రేలియా చేరాయి. తరువాత మరెన్నో వచ్చాయి. వాటి వెంట సింధు, బలూచిస్తాన్, పంజాబు, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల ఒంటెకాపరులు వచ్చారు. వారు ఏ ప్రాంతం వారైనా అక్కడివారు అందరినీ 'ఆఫ్ఘన్లు' అనే పిలిచారు. బరువులెత్తుకొని ఒకదాని వెనుక ఒకటిగా నడిచే ఒంటెల మెత్తని వెడల్పు పాదాల కింద ఇసుక అణగి, సన్నని గట్టి బాట ఏర్పడేది. బండిచక్రాలు దున్నిన రోడ్డుకంటె ఆ బాటే సైకిలుకు అనువైనది. కొత్త యంత్రం పాత వాహనం అడుగుజాడలలో నడవవలసి రావడం విచిత్రమే.

సైకిలు నీళ్లడగదన్నాం. దానిని తొక్కేవాడు అడుగుతాడు. తీవ్రమైన ఎండలో శ్రమించే మనిషి శరీరం నుంచి గంటకు ఒక లీటరు చెమట పోవడం అసాధారణమేమీ కాదు. ఒక లీటరు నీరంటే ఒక కిలో బరువు. రోజంతటికీ సరిపడ నీరు మోస్తే ఆ బరువుకు చక్రం ఇసుకలో కూరుకుపోతుంది, దిగి తోయాలి, తోస్తే మరింత చెమట, మరింత దాహం. నీరు తగ్గించుకొంటే బండి తేలికపడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎడారి యాత్రికుడు వేసుకోవలసిన లెక్కలన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతాయి.

రిచర్డ్‌సన్ నాటి నీటిసంచి మనకు పరాయిది కాదు. మన దేశంలోనూ లారీలకు, జీపులకు ముందువైపున కాన్వాసు నీటిసంచి వేలాడుతూ ఉండేది. గుడ్డ నుంచి ఊరిన తడి గాలికి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మన మట్టికూజా చేసే పనే అది. అయితే ఆ చల్లదనానికి సంచి నుంచే మూల్యం చెల్లించాలి. ప్రతి చల్లని గుటకకూ కొంత నీరు గాలిలో కలిసిపోవలసిందే.

రిచర్డ్‌సన్ దాటిన నల్లార్బార్ మైదానం పేరుకు లాటిన్ భాషలో 'చెట్టు లేనిది' అని అర్థం. సున్నపురాతి నేల గనుక కురిసిన కొద్దిపాటి వాన లోనికింకిపోతుంది. నేలపై పారే ఏరు కనబడదు. మన ప్రబంధకవులకు గ్రీష్మం ఒక ఋతువు. చెరువులెండుతాయి, చలిపందిళ్లు వెలుస్తాయి, కొంతకాలం ఓర్చుకొంటే మేఘం గర్జిస్తుంది. ఇటువంటి దేశంలో గ్రీష్మం ఋతువు కాదు, ఒక ప్రదేశం. దానిని దాటి పోవలసిందే తప్ప, కూర్చుంటే అది దాటిపోదు. రిచర్డ్‌సన్‌కు దారి చూపినది తంతి తీగ. 1877లో పూర్తయిన తూర్పు పడమరల టెలిగ్రాఫు మార్గం వెంటనే అతడు సాగాడు.

మరుసటి సంవత్సరం, 1897 మార్చిలో, జెరోమ్ మ్యూరిఫ్ అనే మరొక సైకిలు యాత్రికుడు అడిలైడ్ సమీపపు సముద్రతీరం నుంచి ఉత్తరాభిముఖుడయ్యాడు. ఖండం నడిబొడ్డు గుండా సుమారు మూడువేల కిలోమీటర్లు ప్రయాణించి మే నెలలో డార్విన్ చేరుకొన్నాడు. అతడు ధరించినది పైజామా. ఆ వస్త్రమూ ఆ మాటా హిందూస్థానం నుంచే ఇంగ్లీషువారికి చేరాయి. చూసేవారు నవ్వితే నవ్వుగాక, ఆ ఎండకు అంతకంటె తగిన వేషం మరొకటి లేదు.

మ్యూరిఫ్‌కు ఆధారం 1872లో పూర్తయిన ఖండాంతర టెలిగ్రాఫు మార్గం. షార్లెట్ వాటర్స్, ఆలిస్ స్ప్రింగ్స్, బారో క్రీక్, టెనెంట్ క్రీక్ మొదలైన స్థావరాలు ఆ తీగ వెంట ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉండేవి. ఒక స్థావరం దాటితే మరల మనుష్యుల పలకరింపు వినడానికి రోజులు పట్టవచ్చు. నడుమ మన పల్లేరుకాయల వంటి ముళ్లు టైరును పొడుస్తాయి. కత్తుల వంటి స్పినిఫెక్స్ గడ్డి కాళ్లను గీరుతుంది. ఇసుకదిబ్బలు అడ్డుపడితే సైకిలు వాహనమన్న మాట మరచి, దానిని తోసుకుంటూ నడవాలి. చీకటిపడితే నేలే పరుపు. పగలు నిప్పులు చెరిగిన ఆ నేల శీతకాలం దగ్గరపడే కొలది రాత్రివేళ చలితో వణికిస్తుంది. యాత్ర ముగిసిన ఏడాదే మ్యూరిఫ్ తన అనుభవాలను పుస్తకంగా ప్రచురించాడు.

ఒంటరి యాత్రికుని గురించి చదివేటప్పుడు ఆ ప్రదేశం నిర్జనమని భ్రమపడతాం. అది నిర్జనం కాదు. వేల సంవత్సరాలుగా అక్కడి మూలవాసులకు ప్రతి నీటిచెలమ జాడా తెలుసు. పశ్చిమ ప్రాంతంలో నల్లరాతిబండలలో నిలిచే వాననీటి గుంటలను 'నామ్మా' గుంటలంటారు. నీరు ఆవిరైపోకుండా, జంతువులు పాడుచేయకుండా వారు వాటిపై రాతిపలకలో కొమ్మలో కప్పి ఉంచేవారు. మాలీ చెట్టు వేరు నుంచి నీరు రాబట్టడం వారికి తెలుసు. వాన కురిసినప్పుడు ఒంటినిండా నీరు నింపుకొని భూమిలో దాగే కప్పను వెదకి తీయడమూ తెలుసు.

ఆ విద్యను వారి నుంచి గౌరవంగా అభ్యసించినవారు తక్కువ. రిచర్డ్‌సన్ బయలుదేరిన ఏడాదే, జూలైలో, అదే కూల్‌గార్డీ నుంచి డేవిడ్ కార్నెగీ అనే అన్వేషకుడు ఒంటెలతో ఉత్తరానికి ప్రయాణమయ్యాడు. నీరు దొరకనప్పుడు అతడు మూలవాసులను పట్టి బంధించాడు. ఉప్పుమాంసం తినిపించి, దాహానికి తాళలేక వారే నీటి జాడ చూపేటట్లు చేశాడు. ఈ సంగతి 1898లో అచ్చయిన తన గ్రంథంలో అతడే వ్రాసుకొన్నాడు. చదువుతూ ఉంటే గొంతు తడి ఆరుతుంది.

మ్యూరిఫ్ దాటిన బారో క్రీక్‌లోనూ ఇటువంటి గాథ ఉంది. 1874లో అక్కడి టెలిగ్రాఫు స్థావరంపై మూలవాసులు దాడి చేయగా ఇద్దరు ఉద్యోగులు మరణించారు. ఆ దాడికి చరిత్రకారులు చెప్పే కారణాలలో, తమ నీటివనరు పరులపాలు కావడం ఒకటి. దానికి ప్రతీకారంగా సాగిన వేటలో ఎందరో మూలవాసులు హతులయ్యారు. చనిపోయిన ఉద్యోగులిద్దరి పేర్లూ చరిత్రకెక్కాయి. వేటలో కూలినవారి లెక్క సయితం సరిగా తేలలేదు. ఇరవైమూడేళ్ల తరువాత ఒక సైకిలు యాత్రికుడు ఆ చోట దాహం తీర్చుకోగలిగాడంటే, ఆ నీటి వెనుక ఇంత కథ ఉన్నది.

కూల్‌గార్డీ ప్రాంతానికి 1903లో ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి గొట్టాల ద్వారా మంచినీరు వచ్చింది. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఒంటెలను ఎడారిలోకి వదిలివేశారు. వాటి సంతతి నేటికీ అక్కడ అడవి ఒంటెలుగా తిరుగుతున్నది. నల్లార్బార్‌ను దాటే రహదారికి 1976లోను, డార్విన్ వెళ్లే రహదారికి 1987లోను తారు వేయడం పూర్తయింది. దారిలో పెట్రోలు బంకులు, బస చేసే చోట్లు ఉన్నా, ఒకదానికీ మరొకదానికీ నడుమ వంద, రెండు వందల కిలోమీటర్ల దూరం అసాధారణం కాదు. కారులో పోయేవారికి అది రెండు గంటల మాట; సైకిలు యాత్రికునికి రెండు రోజుల మాట. అందుచేత నేటి యాత్రికుడు కూడ బయలుదేరేముందు గుడారం, రొట్టెల సంగతి తరువాత చూసుకొని, మొదట నీటిసీసాలనే లెక్కపెట్టుకొంటాడు. లెక్క తప్పితే దారిపక్కన నిలబడి, ఖాళీ సీసాను చేతితో పైకెత్తి చూపుతాడు. ఆ సంకేతానికి అక్కడ అనువాదం అక్కరలేదు. ఎదురుగా వచ్చే బండి వేగం తగ్గించి, అతని పక్కకు వచ్చి ఆగుతుంది.